కాలాన్ని గెలిచి ఇచ్చిన తెలుగువాడు: డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు

మెథోట్రెక్సేట్ అనే పసుపుపచ్చని ఔషధం కాన్సరు వైద్యం జరిగే ఆసుపత్రులన్నింటికీ సుపరిచితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించే అత్యావశ్యక ఔషధాల పట్టికలో దానికి స్థానం ఉంది. పసిపిల్లల రక్తకాన్సరు మొదలుకొని స్త్రీల రొమ్ము కాన్సరు వరకు, కీళ్లవాతం మొదలుకొని సోరియాసిస్ వరకు అనేక వ్యాధులలో వైద్యులు దానిని ప్రయోగిస్తున్నారు. ఆ మందు పుట్టుకను వెదుకుతూ వెళితే అమెరికాలోని ఒక ప్రయోగశాలకు చేరుకుంటాం. ఆనాడు ఆ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన తెలుగువాడు. ఆయనే డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన జన్మించాడు. అదే సంవత్సరం జూన్ నెలలో, ఎక్కడో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో, జార్జి బీట్సన్ అనే శస్త్రవైద్యుడు ఒక సాహసకార్యానికి పూనుకున్నాడు. రొమ్ము కాన్సరు తిరగబెట్టి, కత్తికి లొంగని దశకు వచ్చిన ఒక స్త్రీకి ఆయన అండాశయాలను తొలగించాడు. గడ్డలు కరిగిపోయాయి. వ్యాధి పూర్తిగా నయం కాలేదు గాని ఆమె మరికొన్ని సంవత్సరాలు జీవించింది. ఈ రెండు ఘటనలకు పరస్పర సంబంధం ఏమీ లేదు. అయినా రాచపుండు అంటే కోసివేయాలి, లేదా చావుకు సిద్ధపడాలి అని లోకం నమ్మిన ఆ రోజుల్లో, కోసివేయడానికి వీలులేని వ్యాధిని మరొక మార్గాన అదుపులో ఉంచవచ్చునా అనే ప్రశ్నకు అంకురార్పణ జరిగిన సంవత్సరం అది. అర్ధశతాబ్దం గడిచాక ఆ ప్రశ్నకు రసాయనశాస్త్రం నుంచి సమాధానం తేవడంలో ప్రముఖపాత్ర వహించినది ఆ ఏట పుట్టిన ఈ శిశువే.

సుబ్బారావు తండ్రి జగన్నాథం రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవాడు. ఇంట లేమి ఎక్కువ. చదువుమీద బాలునికి మొదట శ్రద్ధ లేదు. పదమూడేళ్ల ప్రాయంలో, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి ఊరుకోలేదు. వెనుకకు రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మూడవసారి మదరాసులోని హిందూ హైస్కూలు నుంచి ఉత్తీర్ణుడయ్యాడు. ప్రపంచ వైద్యచరిత్రలో స్థానం పొందిన మనిషి బడిలో రెండుసార్లు తప్పినవాడని ఉపాధ్యాయులు జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగిసిన తరువాత ఆయన మనసు రామకృష్ణ మఠంవైపు మొగ్గింది. సన్యసించి సేవ చేయాలన్నది కోరిక. తల్లి అనుమతించలేదు. సేవకు మరొక మార్గం వైద్యవృత్తి కనుక మదరాసు వైద్య కళాశాలలో చేరాడు. మిత్రులు సహాయం చేశారు. తరువాత తన కుమార్తె శేషగిరిని ఆయనకిచ్చి 1919లో వివాహం చేసిన కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా చదువుకు అండగా నిలిచాడు. అవి విదేశీ వస్త్ర బహిష్కారపు రోజులు. గాంధీజీ పిలుపును అందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స గదిలో సైతం ఖద్దరు అంగీ ధరించాడు. ఆంగ్లేయ ఆచార్యునికి అది కంటగింపు అయింది. ఫలితంగా ఆయనకు దక్కినది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ధ్రువపత్రం. ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. చివరకు డాక్టరు ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించే ఉద్యోగం లభించింది.

ఈ కాలంలోనే ఆయన జీవితపు దిశను నిర్ణయించిన దుర్ఘటన జరిగింది. ఆయన సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ ఎనిమిది రోజుల వ్యవధిలో సంగ్రహణి వ్యాధికి బలైపోయారు. తిన్న ఆహారం వంటికి పట్టక, రక్తం క్షీణించి, మనిషి కళ్లముందే కృశించిపోయే జబ్బు అది. తన అన్నదమ్ములను కాపాడే మందు తాను నేర్చిన వైద్యంలో లేదు. సుబ్బారావుకు కూడా అదే వ్యాధి సోకింది. లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నాడు. ఆ వ్యాధికి కారణమేమిటి, దానిని నిలిపే పదార్థమేది అన్న విచికిత్స ఆయనను జీవితాంతం వదలలేదు.

ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం అభ్యసించాలని సుబ్బారావు అమెరికాకు ప్రయాణం కట్టాడు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ధనసహాయం చేశారు. గర్భవతి అయిన భార్యకు కొద్ది సంవత్సరాలలో తిరిగివస్తానని మాట ఇచ్చి ఓడ ఎక్కాడు. ఆ మాట నెరవేరలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్యను మళ్లీ చూడలేదు. స్వదేశంలో మళ్లీ అడుగుపెట్టలేదు. ఆయన గొప్పతనాన్ని చెప్పుకునేటప్పుడు శేషగిరమ్మ చెల్లించిన ఈ మూల్యాన్ని విస్మరించరాదు.

1923 నాటికి ఆయన బోస్టన్ నగరంలో హార్వర్డు విశ్వవిద్యాలయ విద్యార్థి. పగలు చదువు, పొట్టకూటికోసం రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరిచే పని. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన పిమ్మట జీవరసాయనశాస్త్ర శాఖలో ప్రవేశించాడు. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో రంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతి నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో విద్యార్థులకు పరిచితం. ఆ కొలమానం చేతిలో ఉండడంవల్లనే వారు 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే శక్తిపదార్థాన్ని వెలికి తీయగలిగారు. అదే ఏట జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. 1930లో సుబ్బారావు పిహెచ్.డి. పట్టం పొందాడు. ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు శాశ్వతమైన పదవి లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనాలయంలో చేరాడు. అక్కడ పరిశోధనశాఖకు అధిపతి అయ్యాడు.

సోదరుల మరణంనాటి ప్రశ్నను ఆయన తిరిగి చేపట్టినది అక్కడే. అంతకుముందు 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, బొంబాయిలో తాను పరిశీలించిన గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతున్నదని ప్రకటించింది. ఆ సారంలోని గుణకారి పదార్థం ఏదో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. 1941లో అమెరికాలోని టెక్సస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుంచి అటువంటి పదార్థాన్నే కొద్దిపాటిగా తీసి, ఆకు అని అర్థమిచ్చే లాటిన్ పదంనుంచి ఫోలిక్ ఆమ్లం అని నామకరణం చేశారు. ఆకుకూరనుంచి తీసే పిసరంత పదార్థం రోగులకు ఏమూలకు చాలుతుంది? దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగితేనే ప్రయోజనం. సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఆ కార్యాన్ని సాధించి 1945లో ప్రకటించింది. రక్తహీనతలోనూ సంగ్రహణిలోనూ ఆ విటమిను ప్రభావం త్వరలోనే రుజువైంది. సోదరుల చావుకు సమాధానం దొరికింది గాని, వారికి అది పాతికేళ్లు ఆలస్యమైంది.

కథ అక్కడితో ముగిసి ఉంటే సుబ్బారావు ఒక విటమిను శాస్త్రజ్ఞుడుగా మాత్రమే మిగిలిపోయేవాడు. ఫోలిక్ ఆమ్లం జీవకణానికి ఎందుకు అవసరమో ఆలోచిస్తే తరువాతి మలుపు బోధపడుతుంది. కణం రెండుగా చీలేముందు తన వంశసూత్రమైన డి.ఎన్.ఏ.కు మరొక ప్రతి తయారుచేసుకోవాలి. ఆ ప్రతికి కావలసిన ముడిసరకు సమకూడాలంటే ఫోలిక్ ఆమ్లం ఉండితీరాలి. రక్తం తయారయ్యే ఎముకల మూలుగలో కణాలు ఎడతెగక చీలుతూ ఉంటాయి కనుక అది కొరవడితే మొదట రక్తమే క్షీణిస్తుంది. కాన్సరు కణాలు కూడా అదుపు లేకుండా చీలుతాయి. అందుచేత వాటి ఆకలి కూడా పెద్దదే. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పని మాత్రం చేయని ఒక నకిలీ పదార్థాన్ని వాటికి అందిస్తే? ఒక తాళంలో దూరి ఇరుక్కుపోయిన మారుతాళంచెవి అసలు చెవిని లోనికి పోనివ్వదు. ఆ నకిలీ పదార్థం చేసేదీ అంతే.

బోస్టన్ బాలల ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టరు సిడ్నీ ఫార్బర్‌కు అటువంటి పదార్థాలే కావలసివచ్చాయి. లెడర్లీ రసాయనజ్ఞులు ఫోలిక్ ఆమ్లపు అణువులో స్వల్పమైన మార్పుచేసి అమినోప్టెరిన్ తయారుచేశారు. మరొక చిన్న మార్పుతో మెథోట్రెక్సేట్ ఉద్భవించింది. సుబ్బారావు వాటిని ఫార్బర్‌కు అందేటట్లు చేశాడు. రక్తకాన్సరుతో మరణముఖాన ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. పడకమీదినుంచి లేవలేని పిల్లలు లేచి తిరిగారు. ఆ ఉపశమనం తాత్కాలికమేనని ఫార్బర్ దాచలేదు. కొన్ని నెలలలో వ్యాధి తిరగబెట్టింది. అంతమాత్రానికి ప్రయోజనమేమిటని సందేహించిన వైద్యులూ లేకపోలేదు. కాని అంతవరకు ఏ మందుకూ వంగని వ్యాధి వంగుతుందని రుజువైంది. మందులు మార్చి, కలిపి వాడిన తరువాతి తరాల వైద్యులు అదే రక్తకాన్సరును అధిక సంఖ్యాకులైన పిల్లలలో సంపూర్ణంగా నయం చేయగలిగారు.

ఈ ఫలితం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టు 9వ తేదీ ఉదయం, సుబ్బారావు తన గదిలో నిద్రలోనే మరణించి కనిపించాడు. గుండె ఆగిపోయింది. వయస్సు 53 సంవత్సరాలు. బోదకాలు వ్యాధికి నేటికీ భారతదేశంలో పంచిపెడుతున్న డైఇథైల్ కార్బమజైన్ మందు, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశిని కూడా ఆయన పర్యవేక్షణలోనే రూపుదిద్దుకున్నాయి. అమెరికా చట్టం భారతీయులకు పౌరసత్వార్హత కలిగించిన 1946 తరువాత కూడా ఆయన ఆ దేశపు పౌరసత్వం స్వీకరించలేదు. 1953లో శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలాబిళ్ల విడుదల చేసింది.

సుబ్బారావు మరణించినా ఆయన మందు పని ఆగలేదు. రొమ్ము కాన్సరు కథలో అది ప్రవేశించినది 1951లో. న్యూయార్కు నగరంలోని హార్లెం ఆసుపత్రిలో జేన్ రైట్ అనే నీగ్రో జాతి వైద్యురాలు, గడ్డల రూపంలో ఉండే కాన్సర్లలో సైతం, ముఖ్యంగా రొమ్ము కాన్సరులో, మెథోట్రెక్సేట్ ఉపశమనం కలిగించగలదని తన సహచరులతో కలిసి నిరూపించింది. అంతవరకు ఇటువంటి మందులు రక్తకాన్సరుకే పరిమితమని తలచేవారు. పిమ్మట దానికి మరి రెండు మందులను జతపరచి ముదిరిన రొమ్ము కాన్సరులో వాడారు. శస్త్రచికిత్స తరువాత ఆ మూడింటిని ఇస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో ఇటలీలోని మిలాన్ నగర వైద్యుడు జియాన్ని బొనడొన్నా ప్రకటించాడు. నేడు ఆ మిశ్రమం స్థానాన్ని చాలావరకు నూతన ఔషధాలు ఆక్రమించాయి. అయినా మిలాన్‌లోనే 2002లో మరొక ఫలితం వెలువడింది. శరీరమంతటా పాకిన రొమ్ము కాన్సరును కూడా, మెథోట్రెక్సేట్ తక్కువ మోతాదు మాత్రలను సైక్లోఫాస్ఫమైడుతో కలిపి ఇంటివద్దనే సేవిస్తూ కొందరు రోగులు అదుపులో ఉంచుకోగలిగారు.

పాకిన కాన్సరు అంటే ఏమిటో ఇక్కడ స్పష్టంగా గ్రహించాలి. రొమ్ములో పుట్టిన కణాలు రక్తం ద్వారాగాని, శోషరసం ద్వారాగాని పయనించి ఎముకలలో, ఊపిరితిత్తులలో, కాలేయంలో, మెదడులో నివాసమేర్పరచుకోవడమే నాలుగవ దశ. ఎముకలో చేరినంతమాత్రాన అది ఎముకల కాన్సరు కాదు. అక్కడ ఉన్నవి రొమ్ము కణాలే. కనుక చికిత్స కూడా రొమ్ము కాన్సరుకు తగినదే కావాలి. కొందరికి వ్యాధి మొదట బయటపడేనాటికే ఈ దశ వచ్చి ఉంటుంది. మరికొందరికి అన్ని చికిత్సలూ సక్రమంగా ముగిసిన ఎన్నో ఏళ్లకు వస్తుంది. అది రోగి చేసిన తప్పిదమూ కాదు, పూర్వకర్మమూ కాదు, ఒకరినుంచి మరొకరికి అంటేదీ కాదు. సాధారణంగా ఈ దశలో వ్యాధి నిర్మూలం కాదు. కాని చికిత్సకు లొంగుతుంది. స్త్రీ హార్మోనుమీద ఆధారపడే కాన్సరుకు రోజూ వేసుకునే మాత్రలు ఉన్నాయి. నూటికి పదిహేను ఇరవై మందిలో కనిపించే హెర్-2 రకానికి ప్రత్యేకమైన సూదిమందు ఉంది. బీట్సన్ ఆనాడు కత్తితో చేసినది నేడు ఔషధాలు చేస్తున్నాయి.

హెర్-2 రకానికి పనిచేసే ట్రాస్టుజుమాబ్‌కు అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది 1998లో, సుబ్బారావు మరణించిన సరిగ్గా యాభై ఏళ్లకు. అదే ఏడాది హైదరాబాదు పశ్చిమభాగాన, బండరాళ్ల గుట్టల నడుమ ఉన్న మాదాపూరులో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైంది. దానిచుట్టూ హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా సైబరాబాదు విస్తరించింది. తెలుగు నేల నలుమూలలనుంచి చదువుకున్న యువతులు కంప్యూటరు ఉద్యోగాలకు ఇక్కడికి తరలివచ్చారు. భారతదేశంలో రొమ్ము కాన్సరు పాశ్చాత్య దేశాలకంటె సుమారు పదేళ్లు చిన్న వయస్సులోనే కనిపిస్తున్నదని వైద్యులు గమనించారు. 2020లో వెలువడిన జాతీయ కాన్సరు నమోదు నివేదికలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించిన ప్రాంతాలలో హైదరాబాదు జిల్లా అగ్రభాగాన ఉంది.

కనుక ఆ అద్దాల మేడలలో పనిచేసే స్త్రీలలో కొందరు ఈ వ్యాధితోనే జీవితం సాగించక తప్పదు. మూడు వారాలకొకసారి ఆసుపత్రిలో కొన్ని గంటలు గడిపి, మిగిలిన దినాలు పిల్లల బడి, ఇంటి పని, ఆఫీసు పని నడుపుకోవలసినవారు వారు. అలసట ఉంటుంది, నొప్పి ఉంటుంది, ప్రతి స్కానింగు ముందు భయం ఉంటుంది. ఆఫీసులో చెబితే అవకాశాలు పోతాయేమోనని, చెప్పకపోతే సెలవు దొరకదేమోనని సందిగ్ధం ఉంటుంది. సంస్థ కల్పించే ఆరోగ్యబీమా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది కనుక, ఉద్యోగం పోతే చికిత్సకే ముప్పు. ఇటువంటివారికి పైవాళ్ల జాలి ప్రయోజనకారి కాదు. పనివేళలలో కొంత వెసులుబాటు, చికిత్స దినాన తోడు వచ్చే మనిషి, ఇంకా నయం కాలేదా అని పదేపదే అడగని ఇరుగుపొరుగు వారికి ముఖ్యం.

నగరంలో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి దూరప్రాంతాల రోగులకు సైతం ఆశ్రయమిస్తున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం బీదవారికి కాన్సరు చికిత్సను అందుబాటులోకి తెచ్చింది. నొప్పిని తగ్గించే ఉపశమన వైద్యం చివరి ఘడియల కొరకేనని కొందరు పొరపడతారు. నాలుగవ దశ నిర్ణయమైననాటినుంచే మందులతోపాటు అది కూడా సాగితే రోగి బాగా తినగలుగుతుంది, నిద్రించగలుగుతుంది, చికిత్సకు తట్టుకోగలుగుతుంది.

పూర్తిగా నయం కాదని వినగానే ఇక మందులెందుకని కుటుంబాలు చికిత్స మానడం, రోగికి తెలియకుండా ఆమె వ్యాధిని దాచడం, వేరుతో పెకలిస్తామనే మాయమాటలకు ఉన్న ధనం ధారపోయడం నేటికీ జరుగుతున్నాయి. నయం కావడం, చనిపోవడం అనే రెండు మాటలే వారికి తెలుసు. ఈ రెండింటి నడుమ జీవితం అనేది ఒకటుంది. కొందరికది కొద్ది నెలలు, మరికొందరికి ఎన్నో ఏళ్లు. బిడ్డ పదవ తరగతి పూర్తిచేయడం చూడడానికి, ఇష్టమైన పనిని ఒక కొలిక్కి తేవడానికి, తనవారికి చెప్పవలసినవి చెప్పుకోవడానికి ఆ కాలం చాలవచ్చు. ఆ కాలాన్ని తక్కువగా చూసేవారు 1948లో బోస్టన్‌లోనూ ఉన్నారు. వారి మాట నెగ్గి ఉంటే ఆ తరువాతి ఔషధాలు పుట్టేవి కావు.

సుబ్బారావుకు తన సోదరుల విషయంలో ఎనిమిది రోజుల కాలం కూడా చేతిలో నిలవలేదు. ఆ లోటును ఆయన ఇతరులకోసం పూడ్చాడు. ఆయన పరిశోధనాలయంలో పుట్టిన మందు మొదట పసిపిల్లలకు నెలలు ఇచ్చింది, తరువాత ఏళ్లు ఇచ్చింది, ఆ తరువాత ఎందరికో పూర్ణాయుర్దాయమే ఇచ్చింది. రొమ్ము కాన్సరు నాలుగవ దశలో వైద్యం నేడు ఆ బాటలో సగం దూరంలో ఉంది. మిగిలిన దూరం నడవవలసినవారు ఇప్పుడు మన బడులలో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుతున్నారు. వారిలో ఈ ఏడు పరీక్ష తప్పినవారూ ఉండవచ్చు.